కరాటే గుద్దులో సడలింపు, బిగువు: ఏది ఎప్పుడు?

చదునైన నేల, వదులైన దుస్తులు ఉంటే చాలు. మా కోనసీమలో కొబ్బరిచెట్ల కింద ఊడ్చిన జాగా అన్నిటికన్నా మేలు. ఉక్కపోత మొదలుకాక ముందే, అంటే ఉదయం 6 గంటలకే ఆరంభించాలి. సాయంత్రం చేసేదాన్ని నేను సాధన అనను.

పాదాలను భుజాల వెడల్పున ఉంచి, కుడి పిడికిలిని అరచేతి వైపు పైకి ఉండేలా నడుము పక్కన పెట్టి, ఎడమచేతిని ముందుకు చాచాలి. కుడిచేయి ముందుకు వెళ్తుంటే ఎడమచేయి నడుము వద్దకు రావాలి. దీన్నే హికితే అంటారు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

చెడేది ఆ తరువాతే. "ఇంకా బలంగా!" అన్న అరుపు వినగానే నేర్చుకునేవారు పళ్ళు కరచి, భుజాలను చెవుల దాకా ఎత్తి, చేయి కదలకముందే బిగించేస్తారు. మోచేతిని చాచే కండరం జబ్బకు వెనుక, మడిచేది ముందు ఉంటాయి కనుక, రెండూ కలిసి బిగుసుకుంటే ఒకటి తోస్తున్న చేతిని రెండోది వెనక్కి లాగుతుంది. లంగరు ఎత్తకుండా తెడ్డు వేసినట్టే. అందువల్ల ఆత్రేయపురం పూతరేకును నలగకుండా పట్టుకున్నంత మెత్తగా వేళ్ళు ముడిచి, నడుము తిప్పుతూ చేతిని వదలాలి. లక్ష్యం నాలుగు వేళ్ళ దూరంలో ఉందనగా ముంజేతిని తిప్పి, ఊపిరి వదులుతూ, పిడికిలిని, చంకను, పొత్తికడుపును ఒక్కసారిగా బిగించాలి. కిమే అనేది ఈ క్షణాన్నే. ఆ వెంటనే సడలించాలి. ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయేవారి రెండో గుద్దు ఎప్పుడూ ఆలస్యమే. గాలిలో గుద్దేటప్పుడు మోచేతిని పూర్తిగా ఝాడిస్తే కీలు దెబ్బతింటుంది కాబట్టి, కాస్త ముందే ఆపాలి.

తప్పు పట్టుకోవడానికి నా పద్ధతి ఒకటుంది. ఎడమ అరచేతిని కుడి జబ్బ ముందువైపు ఆనించి, కుడిచేత్తో నెమ్మదిగా గుద్దాలి. చివరకు రాకముందే అక్కడి కండ రాయిలా తగిలితే మళ్ళీ మొదటికి రావాలి.

కొందరు సాంచిన్ అనే కటాలోని (కటా అంటే ఒక క్రమంలో చేసే కదలికల వరుస) నిరంతర బిగువును తెచ్చి ప్రతి గుద్దుకూ తగిలిస్తారు. ఆ కటాకు పెద్దపీట వేసిన కరాటే గురువు మియాగి చోజున్ నెలకొల్పిన శైలి పేరే గోజు, అంటే కఠినమూ మృదువూ కలిసినది. ప్రతి గుద్దునూ బిగించేవారు ఆ రెండో సగాన్ని వదిలేశారు.

రోజుకు నెమ్మదిగా 20, వేగంగా 10 గుద్దులు చాలు. భుజం పైకి లేచిందంటే లెక్క పూర్తికాకపోయినా ఆ పూటకు ఆపేయాలి.