విశాఖ నుంచి ఐస్ హాకీ జట్ల వంశవృక్షం రాయడం ఎలా?

విశాఖపట్నంలో తెల్లవారుజామునే లేచి అమెరికా ఐస్ హాకీ చూసే అభిమానులు అక్కడి చిన్న లీగుల జట్ల చరిత్ర రాయదలిస్తే, ముందుగా ఊరి పేరును పక్కన పెట్టి, ఫ్రాంచైజీ హక్కు (లీగులో జట్టును నడిపే హక్కు) ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో పట్టుకోవాలి.

1988లో ఐదు జట్లతో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్‌గా మొదలైన అమెరికా చిన్న లీగు ఈసీహెచ్ఎల్‌నే తీసుకోండి. వాటిలో ఒకటైన కరోలినా థండర్‌బర్డ్స్ 1989లో విన్‌స్టన్-సేలం పేరు పెట్టుకుని, 1992లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌కు తరలి, 1996లో వీలింగ్ నెయిలర్స్‌గా మారింది కాబట్టి ఈ పేర్లన్నిటినీ ఒకే వరుసలో రాయాలి. అయితే 2017లో అదే విన్‌స్టన్-సేలంలో, అదే కరోలినా థండర్‌బర్డ్స్ పేరుతో మరో లీగులో ఆడటం మొదలుపెట్టిన జట్టు పూర్తిగా కొత్తది. దానికి వేరే వరుస కేటాయించాలి. ఈ తేడా చూపని జాబితాను నమ్మకపోవడమే మంచిది.

మన విశాఖలాగే ఉక్కు కర్మాగారాలతో పేరు తెచ్చుకున్న పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ కథ నాకు మరీ ఇష్టం. ఆ ఐదు జట్లలో మరొకటైన అక్కడి చీఫ్స్ జట్టు 2010 దాకా ఊరూ పేరూ మార్చకుండా నిలిచి, ఆపైన సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌కు తరలింది.

సీజన్ శరదృతువులో మొదలై వసంతంలో ముగుస్తుంది కనుక సంవత్సరాన్ని 1988-89 అని జంటగా రాయండి. జట్టు ఆడకుండా ఆగిన సీజన్లకు పట్టికలో ఉన్న గడులను తీసేయకుండా ఖాళీగా ఉంచండి.