కొత్త వెబ్‌సైట్ గూగుల్‌లో కనపడాలంటే ముందు చేసుకోవాల్సిన పనులు

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో అమ్ముకునేవాళ్ళు చాలామంది ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు, మంచి సంగతే. డొమైన్ కొని, ఫోటోలు పెట్టి, పేమెంట్ గేట్‌వే కలిపి, అంతా అయ్యాక గూగుల్‌లో వెతికితే మన సైట్ ఎక్కడా ఉండదు. అక్కడ టెన్షన్ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే "నెల రోజుల్లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ" అంటూ ఫోన్లు వస్తాయి. దయచేసి వాళ్ళకి డబ్బులు కట్టకండి. ఫస్ట్ ప్లేస్‌కి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే స్పష్టంగా రాసి పెట్టింది. మొదట్లో కావాల్సిన పనంతా మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా.

అసలు మీ సైట్ ఉందని గూగుల్‌కి తెలుసా? సెర్చ్ బాక్స్‌లో సైట్ అనే మాట ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాయండి. పేజీలు వస్తే సరే. ఏమీ రాకపోతే, వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో రీడింగ్ అన్న చోటికి వెళ్ళి చూడండి, సెర్చ్ ఇంజన్లు రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది, సైట్ కడుతున్నప్పుడు డెవలపర్లు అది పెట్టి తర్వాత తీయడం మర్చిపోతుంటారు. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేరండి, మన సైట్ గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే టూల్ అది, ఉచితమే. సైట్ మీదేనని నిరూపించడానికి వాళ్ళిచ్చే కోడ్‌ని డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో పెట్టాలి, తెలియకపోతే ఆ కంపెనీ సపోర్ట్ వాళ్ళని అడగండి. అయ్యాక సైట్‌మ్యాప్, అంటే మీ సైట్‌లోని పేజీల జాబితా, అక్కడే ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి దాన్ని తనే తయారు చేస్తోంది. ముఖ్యమైన పేజీలకి ఇండెక్సింగ్ రిక్వెస్ట్, అంటే ఈ పేజీని మీ జాబితాలో చేర్చుకోండని గూగుల్‌ని అడగడం, ఒక్కసారి పెడితే చాలు, రోజూ పెట్టినా పని తొందరగా ఏమీ అవ్వదు.

ఇక అసలు విషయం మాటలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హోమ్ పేజీ టైటిల్‌లో "హోమ్" అనో, "అమ్మ చేతి రుచి, సంప్రదాయపు కమ్మదనం" అనో రాస్తారు. ఆ మాటలతో ఎవరూ వెతకరు. కొనేవాళ్ళు "గోంగూర పచ్చడి ఆన్‌లైన్", "వెల్లుల్లి లేని ఆవకాయ", "అమెరికాకి పచ్చళ్ళు కొరియర్" లాంటివి కొడతారు, అదీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. గూగుల్‌లో గోంగూర అని మొదలుపెట్టి ఆగండి, కింద వచ్చే సూచనలన్నీ జనం వెతికినవాటి నుంచి వచ్చినవే. గూగుల్ ట్రెండ్స్‌లో దేశం మార్చి చూస్తే, డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళు వాడే మాటకీ ఇక్కడి మాటకీ తేడా ఉందేమో అర్థమవుతుంది. వీటన్నిటికంటే విలువైనది మీ వాట్సాప్. ఏ నూనెతో పెట్టారు, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది, కారం ఎక్కువా, దారిలో సీసా కారిపోదా, ఇలా కస్టమర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఆ పచ్చడి పేజీలోనే రాయండి.

ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ, ఒక్కో టైటిల్. "ఆవకాయ, నువ్వుల నూనెతో, అర కిలో, కిలో" అని సూటిగా ఉంటే చాలు. ఒకే మాటని ఇరవైసార్లు కుక్కడం వల్ల లాభం లేకపోగా నష్టం. కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో చూసేవాళ్ళకి కనపడకుండా ఉండే మాటల జాబితా) నింపుతామని ఎవరైనా డబ్బులు అడిగితే వద్దనండి, ర్యాంకింగ్‌కి దాన్ని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ధరల పట్టికని పోస్టర్ బొమ్మగా పెట్టడం కూడా మానేయండి, ధరలూ వివరాలూ అక్షరాలుగానే పేజీలో ఉండాలి. తెలుగులో కూడా పేజీలు పెట్టాలనుకుంటే తప్పకుండా పెట్టండి, అయితే ఇంగ్లీషు పేజీకి వేరే అడ్రస్, తెలుగు పేజీకి వేరే అడ్రస్ ఉండాలి, మెషీన్ అనువాదాన్ని చదివి సరిచేయకుండా వదలకండి.

గూగుల్ చూసేది మీ సైట్ ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో ఆ రూపాన్నే. ఫోన్‌లో తీసిన ఐదు ఎంబీల ఫోటో అలాగే ఎక్కించకుండా సైజు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో పెట్టండి. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రస్ ఇస్తే పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో లెక్క చెబుతుంది. పేజీ తెరవగానే కనిపించేవాటిలో అన్నిటికంటే పెద్ద బొమ్మ గానీ అక్షరాల భాగం గానీ 2.5 సెకన్లలోపు కనపడాలి.

వేరే సైట్లలో మీ సైట్‌కి లింకులు కొనకండి. ర్యాంక్ కోసం డబ్బులిచ్చి లింకులు పెట్టించుకోవడం గూగుల్ స్పామ్ నియమాలకి విరుద్ధం. మీ మాగాయ తిని నచ్చి ఒక వంటల బ్లాగర్ తనంతట తాను ఇచ్చే ఒక్క లింకు, కొన్న వందల లింకులకంటే మేలు. ఇంటి దగ్గరికి వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళుంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టుకోండి. పూర్తిగా ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మేవాళ్ళకి అది వర్తించదు.

ఫలితానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్ మాట, కాబట్టి కొత్త ఆవకాయ సీజన్‌కి అమ్మాలంటే సంక్రాంతికల్లా పేజీలు సిద్ధంగా ఉండాలి. ఈలోపు వారానికోసారి సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరవండి. ఏదైనా పేజీకి ఇంప్రెషన్లు (గూగుల్ ఫలితాల్లో ఆ పేజీ ఎన్నిసార్లు కనపడిందో ఆ లెక్క) బాగా ఉండి క్లిక్కులు రాకపోతే, జనం ఏ మాటలతో వెతికినప్పుడు ఆ పేజీ కనిపించిందో అక్కడే ఉంటుంది, ఆ మాటలు చూసి ముందు టైటిల్ మార్చండి.