మీ రాయి రిపోర్టు మీరే చదవండి – 4: ఒకే పేరు, మూడు ప్రోటీన్లు

ముందుగా పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి జవాబు. కిడ్నీ రాయిని పరీక్షించిన ల్యాబ్ రిపోర్టులో కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ 80, డైహైడ్రేట్ 15 (రెండూ ఒకే ఖనిజం, తేడా అందులో కలిసిన నీటిలోనే), ప్రోటీన్ 5 శాతం అని ఉంటే అది ఏ రకం రాయి అని అడిగాను. కాల్షియం ఆక్సలేట్ రాయి అని రాసినవాళ్లు సరిగ్గానే రాశారు. ఆ అంకెలు నేను ఊహించినవి కావు. గాజువాక నుంచి ఒకాయన ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పక్కనే అగ్గిపెట్టెలో, దూది మీద, ఆ రాయి. కందిబద్దంత ఉంది, ముదురు గోధుమరంగు, పైన బొడిపెలు. ఆయనది ఫర్నేస్ దగ్గర డ్యూటీ. "మాస్టారూ, ప్రోటీన్ అయిదు శాతం అని రాశారు. అందుకని నెల రోజులుగా పప్పు మానేశాను. ఇంకేమేం మానెయ్యాలి?" అని అడిగారు.

పాపం, పప్పు ఏ నేరమూ చెయ్యలేదు. రిపోర్టుల్లో, డాక్టరు మాటల్లో, ఇరుగుపొరుగు సలహాల్లో ప్రోటీన్ అన్న మాట మూడు వేర్వేరు వాటికి వాడతారు. ఎక్కడ ఏ ప్రోటీనో పోల్చుకోవడమే ఈ పాఠం నేర్పే విద్య.

రాతిలో ఉన్నది

రాయి అంటే ఉత్త ఖనిజం కాదు. మామూలు కాల్షియం రాయి బరువులో రెండు మూడు శాతం సేంద్రియ పదార్థం ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ప్రోటీనే. అమెరికాలో విలియం బాయిస్ 1950లలో రాళ్ల నుంచి ఖనిజాన్ని కరిగించి తీసేసి, మిగిలిన ఈ అల్లికను వివరంగా పరిశీలించాడు. రాయిని కోస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి. ప్రోటీన్ ఆ పొరల మధ్యా ఉంటుంది, స్ఫటికాల లోపలా ఉంటుంది.

దీన్ని వంటింట్లో కొంతవరకు చూడవచ్చు. గాజు గ్లాసులో కోడిగుడ్డు పెట్టి మునిగేదాకా తెల్ల వెనిగర్ పొయ్యండి. వెంటనే పెంకు నిండా బుడగలు పడతాయి. మర్నాడు ఆ వెనిగర్ పారబోసి కొత్తది పొయ్యండి. రెండో రోజుకి పెంకు పోయి, వేలితో నొక్కితే లోపలికి పోయే మెత్తటి గుడ్డు మిగులుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: మీ చేతికి తగిలేది పెంకు కింద ఉండే పొర. పెంకు ఖనిజంలో కలిసి ఉన్న ప్రోటీన్ ఇంకా సన్నం, కంటికి ఆనదు. ఆ సన్నటి ప్రోటీన్లలో ఒకటైన ఆస్టియోపాంటిన్ మన ఎముకల్లో ఉంది, కిడ్నీ రాళ్లలోనూ ఉంది.

ఇదే పని మీ రాయితో చేద్దామనుకోకండి. కాల్షియం ఆక్సలేట్ వెనిగర్‌లో కరగదు. వెనిగర్ తాగితే రాయి కరుగుతుందని చెప్పేవాళ్లు వస్తే, ఈ ఒక్క వాక్యం వాళ్లకు చదివి వినిపించండి.

మూత్రంలో ఉన్నది

అసలు కథ ఇక్కడుంది. పాకం పట్టేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం ఎందుకు పిండుతారు? చల్లారాక పలుకు కట్టకుండా. పులుపు తగిలి కొంత చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఆ అణువులు అడ్డం రావడంతో మిగిలిన చక్కెర వరుసగా పేర్చుకోలేదు. కాల్షియం ఆక్సలేట్ లెక్కలో చూస్తే మన మూత్రం దాదాపు అందరిలోనూ ముదురుపాకమే. అయినా అందరికీ రాళ్లు రావడం లేదంటే అడ్డుపడేవి ఏవో ఉండాలి కదా. అలా అడ్డుపడేవాటిలో చిన్నవి సిట్రేట్, మెగ్నీషియం. పెద్దవాటిలో ముఖ్యమైనవి ప్రోటీన్లు.

వాటిలో పెద్దది యూరోమాడ్యులిన్. ఇగోర్ టామ్, ఫ్రాంక్ హార్స్‌ఫాల్ 1950లో వైరస్‌ల మీద పనిచేస్తూ దీన్ని మూత్రం నుంచి వేరుచేశారు, అందుకే పాత పుస్తకాల్లో టామ్-హార్స్‌ఫాల్ ప్రోటీన్ అని కనిపిస్తుంది. మూత్రపిండమే దీన్ని తయారుచేసుకుంటుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇదే. ఈ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకున్నాయి. ఆస్టియోపాంటిన్, ప్రోథ్రాంబిన్ ముక్క ఒకటి కూడా ఇదే బాపతు కాపలాదార్లు. వీటి ఒంటి నిండా రుణావేశం. కాల్షియానిది ధనావేశం. అందుకే పుట్టిన స్ఫటికం ముఖాలకు వెళ్లి అతుక్కుని, అది పెరగకుండా, పక్క స్ఫటికంతో జతకట్టకుండా చూస్తాయి.

జతకట్టకపోవడం ఎందుకంత ముఖ్యం? మూత్రపిండంలోని సన్నటి నాళికల గుండా ద్రవం దాటిపోవడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అంతలో ఒంటరి స్ఫటికం దారికి అడ్డుపడేంత పెరగలేదు. గుంపుకట్టాలి, లేదా గోడకు అతుక్కోవాలి.

మరి కాపలాదారు రాతిలోకి ఎందుకు చేరాడు? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. యూరోమాడ్యులిన్ పలచటి మూత్రంలో విడివిడిగా తిరుగుతూ బాగా పనిచేస్తుంది. మూత్రం చిక్కబడి, ఆమ్లం పెరిగి, కాల్షియం ఎక్కువైతే తనలో తాను చుట్టుకుని బంకలా తయారవుతుంది. అప్పుడు స్ఫటికాలను ఆపలేదు సరికదా, వాటిని ఒకచోట పట్టి ఉంచే ప్రమాదం ఉంది. ఆస్టియోపాంటిన్ కూడా అంతే: ద్రవంలో తేలుతుంటే అడ్డుకుంటుంది, గోడకు అంటుకుని ఉంటే స్ఫటికానికి పట్టు దొరికేలా చేస్తుంది. అలాగని రాతిలో దొరికిన ప్రతి ప్రోటీనూ రాతిని కట్టినదే అనలేం. వాటిలో వందల రకాలు దొరికాయి. కొన్ని ఆపబోయి ఇరుక్కున్నవి, కొన్ని రాయి ఒరుసుకున్న చోట వాపుతో వచ్చి చేరినవి. నా మటుకు నాకు, రిపోర్టులో ప్రోటీన్ 5 శాతం అన్న వరుస చదివి వదిలెయ్యాల్సిన వరుస. దాన్ని చూసి మందూ మారదు, తిండీ మారదు.

కంచంలో ఉన్నది

తిన్న పప్పు ప్రోటీన్ నేరుగా వెళ్లి రాతిలో కూర్చోదు. ఆహారం వల్ల జరిగేది వేరు. మాంసం, చేపలు ఎక్కువైతే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. వాటిలోని గంధకపు అమైనో ఆమ్లాల వల్ల ఒంట్లో ఆమ్లభారం పెరిగి, మూత్రంలో సిట్రేట్ తగ్గుతుంది, కాల్షియం పెరుగుతుంది. అంటే పైన చెప్పిన కాపలాదార్లకు గిట్టని వాతావరణం ఏర్పడుతుంది. ఇటలీలో 120 మంది మగవాళ్లను 5 ఏళ్లు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పాలు పెరుగు మానకుండా మాంసం, ఉప్పు తగ్గించిన 60 మందిలో 12 మందికి రాయి తిరిగి వచ్చింది. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి వచ్చింది. పెరుగు మానేసినవాళ్లు ఈ అంకెలు రెండోసారి చదవాలి.

గాజువాక ఆయన కంచంలో పప్పు పోయి ఏం వచ్చిందని అడిగాను. వారానికి నాలుగు రోజులు వంజరం ముక్కలు, మధ్యలో ఎండుచేపల పులుసు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం కూడా ఎక్కువవుతుంది, ఎండుచేపలో ఉప్పుకు కొదవేముంది? పైగా బీచ్ రోడ్డులో సాయంత్రం నడిచినా చొక్కా ఒంటికి అంటుకుపోయే ఊరు మనది, ఆయన ఫర్నేస్ ముందు నిలబడేది ఎనిమిది గంటలు. అంత చెమట పోతే మూత్రం చిక్కబడక ఏమవుతుంది? ఆ రాత్రే పప్పు వండించుకున్నానని ఫోను చేశారు. ఎండుచేపల ఊసు మాత్రం ఎత్తలేదు.

మూత్ర పరీక్షలో ప్రోటీన్ ట్రేస్ అనో 1+ అనో ఉంటుందే, అది నాలుగో గందరగోళం కాదు, మూత్రంలోనిదే. ఆ పరీక్షకు మూత్రంలో ముంచే పట్టీ ముఖ్యంగా పట్టేది రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను, యూరోమాడ్యులిన్‌ను కాదు. రాయి కదిలి రక్తం పడుతున్నప్పుడు చేసిన పరీక్షలో ఇది కనిపించవచ్చు. రాయి పోయాక మళ్లీ చేయించండి, అప్పటికీ ఉంటే డాక్టరుకు చూపించండి.

అభ్యాసం: మీ పాత కాగితాలన్నీ తీసి, ప్రోటీన్ అన్న మాట దొరికిన ప్రతిచోటా పక్కన రా, మూ, కం అని పెన్సిల్‌తో రాయండి. వచ్చే పాఠం 24 గంటల మూత్రం పట్టడం. మూడు లీటర్లు పట్టే శుభ్రమైన డబ్బా ల్యాబ్‌లో అడిగి తెచ్చుకోండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం మన లక్ష్యం కాబట్టి చిన్న డబ్బా ఇస్తే ఒప్పుకోవద్దు. గుండె జబ్బుకో, కిడ్నీ బలహీనతకో నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. డబ్బా మీద మొదలుపెట్టిన టైము రాయడానికి ఒక చీటీ అంటించి ఉంచండి.