మిద్దె మీద వంగ – నాలుగో పాఠం: చలికాలంలో పూత ఎందుకు నిలవదు?

మూడో పాఠంలో నారును కుండీల్లోకి మార్చడం వరకు వచ్చాం. ఈరోజు చలి సంగతి చూద్దాం. బెంగళూరులో వంగ పెంచే మనవాళ్లు డిసెంబరు రాగానే అడిగే ప్రశ్న ఒకటే. మొక్క పచ్చగా ఉంది, పూత నిండుగా వచ్చింది, ఒక్క పిందె కూడా నిలవడం లేదు, ఏ ఎరువు వేయాలి? ఎరువు వేయకండి. ముందు రాత్రి ఎంత చల్లగా ఉంటోందో చూడండి.

మాది తెనాలి వైపు. అక్కడ సంక్రాంతి రోజుల్లో వంకాయ రుచి వేరు. లేత కాయ, పల్చటి తోలు, కోస్తే గింజ కనపడదు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన మొదటి జనవరిలో మిద్దె ఎక్కి మొక్కలు చూసి, "పండక్కి కాయని వంగ ఏం వంగరా!" అంది. నేను మా ఊరి లెక్క ప్రకారమే అక్టోబరులో నారు పోశాను. ఆ లెక్క అక్కడికి సరైనదే. కృష్ణా, గుంటూరు వైపు జనవరి రాత్రి కూడా మామూలుగా 18, 19 డిగ్రీల దగ్గర ఆగుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. కొన్ని తెల్లవారుజాముల్లో ఇంకా కిందికి పోతుంది. 1884 జనవరి 13న ఈ ఊళ్లో 7.8 డిగ్రీలు నమోదైంది. పగలు 27 దాకా ఎండ కాస్తుంది కాబట్టి మనకి పెద్ద చలి అనిపించదు. మొక్కకి మాత్రం ఆ రాత్రే లెక్క.

వంగ వేడి దేశపు మొక్క. 21 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఎదుగుతుంది. 17 కంటే తగ్గితే ఎదుగుదల బాగా మందగిస్తుంది. రాత్రి 15 దగ్గరికి దిగితే ఆకు బాగానే ఉంటుంది, పువ్వూ విచ్చుకుంటుంది, పుప్పొడి పని మాత్రం సాగదు. గింజ కట్టాలంటే పువ్వు నడుమ ఉండే కీలాగ్రం మీద పడిన పుప్పొడి మొలకెత్తి, సన్నటి గొట్టంలా లోపలికి దిగాలి. చలికి ఆ గొట్టం సరిగా ఎదగదు. రెండు మూడు రోజులు చూసి మొక్క ఆ పువ్వును తొడిమతో సహా వదిలేస్తుంది. ఎప్పుడైనా ఒకటి నిలిచినా గింజ లేకుండా గట్టిపడి, గోలీకాయంత దగ్గరే ఆగిపోతుంది. అలాంటి కాయను తుంచేయండి, అది పెరగదు.

ఇప్పుడు మిద్దె మీదికి వెళ్లి ఒక పువ్వును కోసి చేతిలోకి తీసుకోండి. ఒక్క పువ్వు పోయినా ఫర్వాలేదు, ఇది చూడకపోతే మిగతా పాఠం అర్థం కాదు. ఊదా రేకుల మధ్యలో పసుపు కేసరాలు అరటిపళ్ల అత్తంలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక కేసరాన్ని విడదీసి కొస చూడండి. అక్కడ సూది మొనతో పొడిచినట్టు చిన్న రంధ్రాలు కనపడతాయి. పుప్పొడి బయటికి వచ్చే దారి అదొక్కటే. ఉప్పు డబ్బాలో ఉప్పులాగా, కదిపితేనే రాలుతుంది.

అన్ని కేసరాల మధ్య నుంచి ఆకుపచ్చటి మొన ఒకటి పైకి వచ్చిందా? అదే కీలాగ్రం. అది కేసరాలను దాటి బయటికి వచ్చి ఉంటే కాయ కట్టే పువ్వు. కేసరాలతో సమానంగా ఉన్నా కడుతుంది. లోపలే దాగి ఉంటే ఆ పువ్వు ఏ కాలంలోనైనా రాలిపోతుంది. గుత్తిలో మొదటి పువ్వు సాధారణంగా పొడుగు కీలంతో (కీలాగ్రాన్ని మోసే సన్నటి కాడతో) ఉంటుంది, పక్కన వచ్చే చిన్నవి ఎక్కువగా పొట్టివి. కాబట్టి రాలిన ప్రతి పువ్వుకీ టెన్షన్ పడొద్దు. పొడుగు కీలం ఉన్న పువ్వులు కూడా వరసగా రాలుతుంటే అప్పుడు చలిని అనుమానించాలి.

ఈ పువ్వును కదిపేవాళ్లెవరు? తోటల్లో గాలి కొంత కదుపుతుంది. అసలు పని నల్ల తుమ్మెదలది. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లు ఝుమ్మని వణికిస్తుంది. ఆ వణుకుకి రంధ్రంలోంచి పుప్పొడి దాని పొట్ట మీద పడుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య తెలియదు. చలి ఉదయాల్లో, మబ్బు పట్టిన రోజుల్లో తుమ్మెదలు ఆలస్యంగా బయటికి వస్తాయి. నాలుగో అంతస్తు మిద్దె మీదికి అసలు రాకపోవచ్చు. అందుకే ఆ పని మనం చేయాలి. ఎండ వచ్చి మంచు తడి ఆరాక, తొమ్మిది నుంచి పదకొండు మధ్య, పువ్వు వెనక తొడిమ మీద వేలితో టక్ టక్ మని మూడు నాలుగు సార్లు కొట్టండి. ఇంట్లో పాత కరెంటు టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక వైపు తొడిమకు ఆనించి రెండు మూడు సెకన్లు నడపండి. కింద నల్ల కాగితం పట్టుకుంటే సన్నటి పసుపు పొడి రాలడం కళ్లారా కనపడుతుంది. ఆ పొడి చూసిన రోజు నుంచి నాకు ఈ పని విసుగనిపించలేదు.

పుప్పొడి రాలినంత మాత్రాన చాలదు, రాత్రి కాస్త వెచ్చదనం కావాలి. దానికి ఖర్చేమీ లేదు. మిద్దెకు ఉత్తరం వైపు పిట్టగోడ ఉంటుంది కదా, కుండీలను దాని లోపలి వైపు వారగా జరపండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి ఆ గోడ రోజంతా ఎండ తాగుతుంది, చీకటి పడ్డాక ఆ వేడిని మెల్లగా వదులుతుంది. రెండోది, మొక్క పైన ఆకాశం తెరుచుకుని ఉంటే రాత్రి దాని వేడంతా పైకి పోతుంది. నాలుగు కర్రలు పాతి పాత నూలు చీర కప్పండి, ఆకులకు తగలకుండా. పొద్దున్నే తీసేయడం మరిచిపోవద్దు. మూడోది నీళ్లు. సాయంత్రం పోస్తే తడి మట్టి రాత్రంతా చల్లగా ఉంటుంది, కాబట్టి ఉదయం ఎండ పడ్డాకే పోయాలి. ట్యాంకు నీళ్లు తెల్లవారేసరికి చల్లబడి ఉంటాయి, బకెట్‌లో పట్టి గంటసేపు ఎండలో పెట్టి పోస్తే ఇంకా మంచిది.

చల్లటి మట్టిలో వేరు ఎరువును సరిగా తీసుకోలేదు, ముఖ్యంగా భాస్వరాన్ని. ఆకు కింద ఊదా ఛాయ వస్తే అందుకేనేమో చూసుకోండి, రకాన్ని బట్టి పుట్టుకతోనే ఆ రంగు ఉండేవీ ఉన్నాయి. ఆ సమయంలో యూరియాలాంటి నత్రజని వేస్తే ఆకు పెరుగుతుంది తప్ప పూత నిలవదు. జనవరి నెలాఖరు దాకా ఎరువు ఆపేయండి.

విత్తనం మారిస్తే తీరుతుందా అని అడుగుతారు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క నిధి, అర్క కేశవ్ లాంటి రకాలు వాడు తెగులును బాగా తట్టుకుంటాయి, అందుకని వాటిని నేనూ వేస్తాను. చలికి మాత్రం రకం కంటే తేదీ ముఖ్యం. నారు పోసిన నెలకు కుండీలోకి మారుస్తాం, మార్చిన నలభై, యాభై రోజులకు పూత మొదలవుతుంది. అంటే విత్తనం నుంచి పువ్వుకి సుమారు రెండున్నర నెలలు. అక్టోబరులో నారు పోస్తే ఆ పూత సరిగ్గా సంక్రాంతి చలిలో పడుతుంది. ఈ ఊళ్లో నేను నమ్మేవి రెండు సమయాలు. మే నెలాఖరున పోస్తే ఆగస్టులో పూత, చలి ముదిరేలోపు కావలసినన్ని కాయలు. లేదంటే డిసెంబరు నెలాఖరున పోసి, ట్రేను ఇంట్లో వెచ్చని చోట పెట్టండి. వంగ విత్తనం 25 డిగ్రీల పైన వారం లోపే మొలుస్తుంది, చల్లగా ఉంటే పదిహేను రోజులైనా తల ఎత్తదు. మా ఇంట్లో ట్రే ఫ్రిజ్ పైన ఉంటుంది. మొలక కనపడగానే ఎండలోకి తేవాలి, లేకపోతే సన్నగా సాగి పడిపోతుంది. ఆ నారు మార్చిలో పూస్తుంది, అప్పటికి రాత్రులు వెచ్చబడి ఉంటాయి.

ఇప్పటికే అక్టోబరు మొక్కలు ఉన్నవాళ్లు వాటిని పీకేయొద్దు. జనవరి మొదటి వారంలో రెండు మూడు బలమైన కొమ్మలు ఉంచి, అడుగు ఎత్తున కత్తిరించండి. నెలాఖరున పై మట్టి కదిలించి రెండు గుప్పెళ్లు వర్మీ కంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి వేయండి. ఫిబ్రవరిలో చిగురు, ఆ తర్వాత పూత వస్తాయి. అమ్మ మిద్దె మీద నుంచి గుత్తి వంకాయకు కాయలు కోసుకుంది కూడా అలాంటి మొక్కల నుంచే, ఉగాది ముందు.

ఈ వారం పని: పది పువ్వులకు తొడిమ దగ్గర దారం కట్టండి. ఐదింటిని రోజూ తట్టండి, ఐదింటిని వదిలేయండి. కీలం పొడుగా పొట్టా రాసుకోండి, తెల్లవారుజామున ఎన్ని డిగ్రీలుందో పక్కనే రాయండి. ఆ కాగితం పారేయకండి. ఐదో పాఠంలో కాయ తొలుచు పురుగు గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ ఆ దారాల దగ్గరికే వస్తాం.