‘స్లే’ చదివించాలంటే ముందు కార్డులు కోయండి

బ్రిట్నీ మోరిస్ రాసిన ‘స్లే’ (2019) నవలలో కీరా జాన్సన్‌కు 17 ఏళ్లు. లెక్కల్లో దిట్ట. వాళ్ల బడిలో నల్లజాతి పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇంటికొస్తే మాత్రం, నల్లజాతీయులకు మాత్రమే అని పెట్టి, లక్షలమంది రహస్యంగా ఆడుకునే ‘స్లే’ అనే ఆన్‌లైన్ కార్డుల ఆటను తయారుచేసిన మనిషి తనే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలియదు, ప్రియుడు మాల్కమ్‌కూ తెలియదు. ఆటలోని నాణేల గొడవ బయట ఒక కుర్రాడి హత్యకు దారితీయడంతో అది జాతివివక్ష ఆటంటూ గోల మొదలవుతుంది.

ఈ నవలను గుంపుగా చదివించడానికి 14 దాటిన ఆరుగురు పిల్లలుంటే నాలుగు వారాలు సరిపోతాయి. కూర్చోబెట్టి ‘వివక్ష అంటే ఏమిటి’ అని మొదలుపెట్టారో, పది నిమిషాల్లో ఫోన్లు బయటికొస్తాయి. అందుకే మొదటివారం పుస్తకం తెరవొద్దు. ఆట తయారుచేయించండి.

తలా 4 చొప్పున 24 అట్టముక్కలు కావాలి. పాత శుభలేఖలు బాగా పనికొస్తాయి. నోటుబుక్కు కాగితమైతే అంకె వెనక్కి కనబడి ఆట చెడుతుంది. ఒక్కో కార్డు మీద తమ ఇంటిదై, బయటివాళ్లు చూసి ‘ఇదేంటి?’ అని అడిగే వస్తువో మాటో రాయాలి. సినిమా హీరోలు వద్దు, వాళ్లను అందరూ ఎరుగుదురు. కార్డు దాడో, శాపమో, రక్షణో కావాలి. మూడింటిలో కనీసం ఒక్కొక్కటి ఉండాలి. బలం 1 నుంచి 5 వరకు, నాలుగూ కలిపితే 12 దాటకూడదు. ఈ హద్దు లేకపోతే అందరూ ఐదులే వేస్తారు.

ఉదాహరణకు ఆవకాయ జాడీ: రక్షణ, 5. ‘తడి గరిటెతో వచ్చినవాడి దాడి చెల్లదు.’

ఇద్దరిద్దరు జతగా కూర్చుని, కార్డులు బోర్లించి ఒకేసారి తిప్పాలి. దాడి ఎంత మిగిలితే అన్ని పాయింట్లు. రక్షణ తన అంకె మేరకు దాడిని తగ్గిస్తుంది, శాపం ఎదుటివాళ్ల తర్వాతి కార్డును తగ్గిస్తుంది. ఆట అయ్యాక ఒక్కటే అడగండి: తడి గరిటె సంగతి తెలియనివాళ్లు వస్తే విడమరిచి చెబుతారా, రానివ్వరా? కీరా చిక్కుముడి అక్కడే ఉంది.

రెండు, మూడు వారాల్లో చదువు. మధ్యమధ్య కథ కీరాను వదిలి వేరేవాళ్ల దగ్గరికి పోతుంది. పిల్లలు తప్పిపోయేది అక్కడే, కాబట్టి అధ్యాయం మొదట్లో ‘ఇప్పుడు మాట్లాడేదెవరు?’ అని ఆపి అడగండి. చివరి మలుపు మాత్రం నోరు జారొద్దు.

మాట దగ్గర జాగ్రత్త. మన ఇళ్లలో ‘నల్లోడు’ అనేది అలవోకగా వచ్చేస్తుంది, అక్కడ కుట్టేది రంగు కన్నా ఆ ‘డు’. ‘నల్లజాతివాళ్లు’ అనిపించండి. పెళ్లిచూపుల్లో ‘చామనఛాయ’ అని సర్దిచెప్పే మన అలవాటును పిల్లలే ఎత్తుతారు, ఎత్తనివ్వండి. గుంపులో నల్లజాతి పిల్లలుంటే మాత్రం ‘మీవాళ్లు ఏమనుకుంటారు?’ అని అడగొద్దు. అలా అడిగిన క్షణం నుంచి ఆ పిల్ల పాఠకురాలు కాదు, సాక్షి.

నాలుగోవారం వాదన. తెల్లవాళ్లను రానివ్వకపోవడం వివక్షేనంటూ నవలలో ఒకడు దావా వేస్తానని బెదిరిస్తాడు. అతని వైపు ముగ్గురు, కీరా వైపు ముగ్గురు, మనిషికి రెండు నిమిషాలు. తర్వాత వైపులు మార్చండి. ఎవరెటు అన్నది చీటీలేసి తేల్చాలి. కోరుకోమంటే ఆరుగురూ కీరా పక్కనే కూర్చుంటారు.