ఎలా పడ్డారో పెద్దవాళ్లతోనే చెప్పించండి
ఇంట్లో పెద్దవాళ్లకి "జాగ్రత్త, పడిపోతారు" అని రోజూ చెప్పినా చెవికెక్కదు. అదే గుడి అరుగు మీదో, అపార్ట్‌మెంట్ బెంచీ దగ్గరో నలుగురు కూర్చున్నప్పుడు "మీరెప్పుడైనా పడ్డారా, ఎలా?" అని అడిగి చూడండి. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లూ అందుకుంటారు. పిల్లలు బయట తిరగనివ్వరేమోనని ఇంట్లో దాచినవి కూడా అక్కడ బయటపడతాయి.

మధ్యలో ఎవరూ మందలించకూడదు, అది ముఖ్యం. టైమెంత, కాళ్లకి ఏం వేసుకున్నారు, లైటు వెలుగుతోందా, పడేముందు దేన్ని పట్టుకున్నారు అని అడిగితే చాలు. తడి బాత్రూమ్, అరిగిన హవాయి చెప్పులు, చేతికి ఊడొచ్చిన టవల్ రాడ్ లాంటివి తేలతాయి. ఆ రాడ్ తువ్వాలు మోయడానికే, మనిషిని కాదు. గోడకి గట్టిగా బిగించిన కమ్మీ విడిగా పెట్టించాలి.

రాత్రి లేవగానే కళ్లు తిరిగాయని ఎవరైనా అంటే బీపీ మాత్రలు వాడుతున్నారేమో అడగండి. మంచం అంచున ఓ నిమిషం కూర్చుని లేవమనండి, డాక్టరుకీ చెప్పమనండి. మాత్ర మాత్రం సొంతంగా మానేయకూడదు.

కబుర్లు వేడిగా ఉండగానే, ఆ సాయంత్రమే జారే డోర్‌మ్యాట్ తీయించి, గడప దగ్గర చిన్న నైట్ బల్బు పెట్టించండి.