కొండపాదాల్లో, నదీ లోయల్లో గ్రావెల్ రైడ్: దారి ఎలా గీసుకోవాలి

తారు రోడ్డు మీద సైకిల్‌పై 60 కిలోమీటర్లంటే ఎవరికైనా ఒక అంచనా ఉంటుంది. కొండపాదాల కంకర దారిలో అదే దూరానికి నాలుగు గంటలు పట్టొచ్చు, ఏడు గంటలూ పట్టొచ్చు. ఆ తేడా తెచ్చేవి చక్రం కింది నేల, ఎక్కాల్సిన ఎత్తు, వాగు దాటే వేళ. అందుకని మ్యాపులో గీత గీసేటప్పుడు వీటిని ముందు తేల్చుకుని, కిలోమీటర్లను ఆఖర్న చూడండి.

ముందు ఎత్తు సంగతి. మొత్తం ఎక్కుడును దూరంతో భాగించండి. కిలోమీటరుకు 10 మీటర్ల లోపు వస్తే తేలిక దారి. 15 దగ్గర కాళ్లకు బాగా పని పడుతుంది. 20 దాటితే రోజంతా కొండ ఎక్కుతున్నట్టే. సమయానికి ఒక లెక్క ఉంది: గట్టిపడిన కంకర మీద గంటకు 18 కిలోమీటర్లు వేసుకుని, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 8 నిమిషాలు కలపండి. 60 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అయితే 3 గంటల 20 నిమిషాలకు 72 నిమిషాలు కలిపి నాలుగున్నర గంటలు. తిండికి, పంక్చర్లకు, గేట్లు తీసి వేయడానికి ఇంకో గంట. నేల వదులుగా ఉంటే 18 బదులు 14 వేసుకోండి. లోయలో సూర్యుడు కొండ చాటుకు ముందే వెళ్లిపోతాడు కాబట్టి, క్యాలెండర్‌లోని సూర్యాస్తమయానికి గంట ముందే చీకటి మొదలవుతుందనుకుని బయల్దేరే వేళ పెట్టుకోండి.

సగటు మాత్రమే చూస్తే మోసపోతారు. దారిలో అన్నిటికంటే నిటారుగా ఉన్న ముక్క ఏదో వెతకండి. 1:50,000 మ్యాపులో కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, దారి వెంట ఒక సెంటీమీటరులో నాలుగు అంతరాలు దాటారంటే 500 మీటర్లలో 80 మీటర్లు ఎక్కుతున్నారు. అది 16 శాతం వాలు. వదులు కంకర మీద అంత వాలులో లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం తిరుగుతుంది తప్ప బండి కదలదు, దిగి తోసుకోవడమే. మరో సంగతి: రూట్ గీసే యాప్‌లు చాలావరకు 30 మీటర్ల గళ్లుగా ఉన్న ఎత్తుల లెక్క వాడతాయి. ఇరుకు లోయలో కొండను తొలిచి వేసిన దారికి, పక్కనున్న రాతిగోడ ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. నది ఒడ్డునే సాగే దారిలో రంపం పళ్లలాంటి ఎత్తుపల్లాలు కనిపిస్తే నమ్మకండి. ఆ ముక్క మొదట్లో, చివర్లో నీటిమట్టం ఎత్తు చూసి సరిపోల్చండి.

దారి ఎవరు, ఎందుకు వేశారో తెలిస్తే వాలు చాలావరకు తెలిసిపోతుంది. కలప లారీల కోసం వేసిన అటవీ దారులు సాధారణంగా 10-12 శాతం దాటవు. పట్టాలు తీసేసిన పాత రైలుమార్గాలు 2-3 శాతంలోనే ఉంటాయి. కాలువ గట్లు దాదాపు సమతలం. విద్యుత్ టవర్ల కింద సాగే దారి సంగతి వేరు. తీగ వెళ్లినట్టే అదీ నేరుగా కొండెక్కి నేరుగా దిగుతుంది, 20 శాతం దాటడం మామూలే. మ్యాపులో సరళరేఖలా కొండను కోసుకుపోయే దారి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. అందరూ కలిసి తయారుచేసే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇలాంటి బాటలకు గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 దాకా గుర్తులుంటాయి. 1 గట్టి నేల, 5 మెత్తటి మట్టి. 1 నుంచి 3 వరకు నిశ్చింతగా తీసుకోండి. 4, 5 అయితే కిలోమీటరు, రెండు కిలోమీటర్లకు మించనివ్వకండి.

నేలను చదవడం

కొండల్లోంచి వాగు మైదానంలోకి దిగే చోట వేగం తగ్గి, మోసుకొచ్చిన రాళ్లను విసనకర్ర ఆకారంలో పరిచేస్తుంది. బరువైనవి ముందు ఆగిపోతాయి కాబట్టి కొండ మొగదలలో తలకాయంత రాళ్లు, మధ్యలో గులకరాళ్లు, చివరి అంచున ఇసుక, ఒండ్రు ఉంటాయి. కొండను ఆనుకుని గీసిన గీత చూడ్డానికి బాగుంటుంది కానీ రాళ్లు విడిగా దొర్లుతూ తొక్కనివ్వవు. మరీ కిందికి దిగితే చక్రం ఇసుకలో కూరుకుపోతుంది. రెంటికీ మధ్య, గులకరాళ్లు మట్టితో కలిసి గట్టిపడిన పట్టీని పట్టుకోండి. అక్కడా ఎండిన వంకలు దారిని అడ్డంగా కోస్తూనే ఉంటాయి. వంకలోకి దిగేముందే గేరు తగ్గించాలి, ఎదుటి గట్టు ఎక్కేటప్పుడు మార్చబోతే చైన్ మీద భారం పడి గేరు పడదు.

నది పక్కన కూడా ఇలాంటి తేడాయే. నీటికి దగ్గరగా ఉన్న వరద మైదానం ఒండ్రుమట్టి. ఎండాకాలం హాయిగా సాగుతుంది, వాన పడ్డాక ఆ జిగట టైరుకు పట్టుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ దగ్గర ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. టైరుకు, ఫ్రేముకు మధ్య ప్రతి పక్కా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలనేది ఇందుకే. పక్కన కొన్ని మీటర్ల ఎత్తులో మెట్టులా కనిపించే పాత నదీ గట్టు మీద గులక ఎక్కువ, నీరు త్వరగా ఇంకిపోతుంది. వానల రోజుల్లో దారి ఆ మెట్టు మీదుగానే గీయండి.

గాలి, నీళ్లు

లోయల్లో గాలికి ఒక వేళ ఉంది. ఎండ ఎక్కేకొద్దీ వాలులు వేడెక్కి గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. రాత్రి చల్లబడ్డాక దిశ మారి ఎగువ నుంచి దిగువకు వస్తుంది. మంచు కరిగి పారే వాగులకూ వేళ ఉంది: తెల్లవారుజామున తక్కువ, మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి ఎక్కువ. ఈ రెండూ కలిపి చూస్తే, చుట్టు దారిని పొద్దున్నే లోయలో ఎగువకు మొదలుపెట్టి, వాగులు ముందే దాటేసి, ఆపైన కొండ భుజం ఎక్కి వాలు వెంట తిరిగి రావడం మేలు. తిరగేసి గీస్తే అలసిన కాళ్లతో ఎదురుగాలిలో దిగువకు తొక్కాలి, వాగులు పొంగిన వేళ దాటాలి. ఎక్కుడు ఎండవేళకు పడుతుంది గనుక నీడ ఉన్న వాలు ఎంచుకోండి.

వాగు దాటే చోట అడుగు కనిపించకపోయినా, నీళ్లు మోకాలు దాటినా, రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా వెనక్కి తిరగండి. మోకాలి లోతున్నా ఉరవడి గట్టిగా ఉంటే మనిషిని పడేస్తుంది. మలుపు వెలుపలి ఒడ్డు లోతుగా ఉంటుంది, వెడల్పుగా పరుచుకుని అలలు కనిపించే చోటే మేలు. బండిని మీకు దిగువ వైపు ఉంచుకుని నడవండి. ఎగువ వైపు ఉంటే ప్రవాహం దాన్ని మీ మీదికి తోస్తుంది. వీపు సంచి నడుము బెల్టు విప్పి ఉంచండి. నీళ్లు పారే కాంక్రీట్ చప్టా మీద పాచి కనబడదు. తొక్కుతూ వెళ్లి అక్కడ పడేవాళ్లు ఎక్కువ, దిగి నడవండి. ఎగువన మబ్బు కమ్మి ఉంటే, మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎండిన వాగులో ఆగకండి.

బండి

40-45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు చాలావాటికి సరిపోతాయి. 75 కిలోల మనిషికి టైరులో గాలి ఒత్తిడి ముందు 28-30, వెనక 31-34 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి, సంచులు తగిలిస్తే రెండు మూడు పెంచండి. మరీ తగ్గిస్తే నదిరాయి రిమ్‌కు తగులుతుంది, మరీ ఎక్కిస్తే చక్రం ఎగిరి పట్టు పోతుంది. చైన్ తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 40 పళ్లు, వెనక పెద్దదానికి 44 పళ్లు ఉంటే నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 7 కిలోమీటర్లు నడుస్తుంది. మనిషి, బండి కలిపి 90 కిలోలైతే 12 శాతం వాలులో ఆ వేగానికే సుమారు 240 వాట్లు కావాలి. సామాన్లతో వెళ్లేవాళ్లు ముందు పళ్లు 36కో, 38కో దించుకోవడం మంచిది.

దిగుడులో బ్రేకు మలుపుకు ముందే వేయండి, మలుపులో కాదు. వాహనాల చక్రాల జాడలో నేల గట్టిగా ఉంటుంది, వదులు కంకర మధ్యలోకి, వెలుపలి అంచుకు చేరుతుంది. వరుస గతుకుల మీద మధ్యలో వెళ్తే చేతులు తిమ్మిరెక్కుతాయి, దారి అంచు పట్టుకోండి. చక్రంలో పుల్ల ఇరుక్కున్న చప్పుడు రాగానే తొక్కడం ఆపాలి. ఒక్క చుట్టు ఎక్కువ తిప్పినా డీరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) వంగొచ్చు. అది చాలావరకు మోడల్‌కు ఒక రకం కాబట్టి మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి వెంట ఉండాలి. దాంతోపాటు టైరు ప్లగ్గులు, ఒక ట్యూబు, పంపు, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, తెగిన చైన్‌ను కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింక్, ఒక జత బ్రేక్ ప్యాడ్లు. తడి ఇసుకలో రెజిన్ ప్యాడ్లు చాలా త్వరగా అరుగుతాయి, వాగులు ఎక్కువున్న దారికి సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) రకం వేసుకోండి.

లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనుకునే బయల్దేరాలి. మ్యాపును ఆఫ్‌లైన్‌లో దింపుకుని, ప్రతి 10-15 కిలోమీటర్లకు పెద్ద రోడ్డుకు చేరే అడ్డదారి ఒకటి గుర్తు పెట్టుకోండి. మీరు గీసిన దారి ఉన్న జీపీఎక్స్ ఫైలు, తిరిగొచ్చే సమయం ఇంటి దగ్గర ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.